బిల్లు వేయని జాబ్ వర్క్

ఈ వాదన జరిగింది పీణ్య రెండో స్టేజిలో, ఒక చిన్న మెషిన్ షాపులో. షాపు మామది. హిందూపురం పక్క ఊరి నుంచి కుర్రతనంలో వచ్చి, లేత్ మీద హెల్పరుగా మొదలుపెట్టి, ఇప్పుడు రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక సర్ఫేస్ గ్రైండర్ పెట్టుకున్నాడు. అల్లుడు అంటే అక్క కొడుకు. అదే వాడలో వేరే కంపెనీలో సీఎన్‌సీ ప్రోగ్రాములు రాస్తాడు. ఆదివారాలు ఒక జట్టు తరఫున రోడ్డు సైకిల్ పందేలకు పోతాడు. నేను టీ తాగుతూ కూర్చున్న మూడో మనిషిని. ఇద్దరికీ చుట్టాన్ని కాను గనక ఇద్దరూ నన్నే సాక్షిగా పెట్టుకుని మాట్లాడారు. తిట్లు తీసేసి మిగతాది రాస్తున్నాను.

మామ: చూడండి సార్ వీణ్ణి. వారమంతా షిఫ్టు చేస్తాడు. ఆదివారం ఒక్క దినం పండుకోరా అంటే కోడి కూయకముందే లేచి సైకిల్ కారు మీద కట్టుకుని పోతాడు. ఏం వచ్చిందిరా అంటే మావాడు రెండో స్థానం వచ్చినాడంటాడు. నీదెంతరా అంటే పలకడు.

అల్లుడు: పలికాను మామా. డీఎన్ఎఫ్ అని చెప్పాను.

మామ: అదేంది?

అల్లుడు: పందెం పూర్తి చేయలేదని.

మామ: విన్నారా! డబ్బు కట్టి పోయి, పూర్తి చేయలేదని రాయించుకొని వచ్చినాడు.

అల్లుడు: ఎందుకు పూర్తి చేయలేదో అడుగు. ముగ్గురు ముందుకు తెంచుకుని పోయారు. వాళ్ళలో మా జట్టువాడు లేడు. వాళ్ళను అట్లే వదిలేస్తే పందెం అక్కడితో ముగిసినట్టే. చివర్లో దూకే మా స్ప్రింటర్ ఎంత గట్టివాడైనా నాలుగో స్థానానికే పోటీ పడాలి. నేనూ ఇంకొకడూ గుంపు ముందుకొచ్చి వంతులవారీగా లాగాం. దొరికారు. అప్పటికి నా కాళ్ళు అయిపోయాయి. రోడ్డు పక్కన దిగిపోయాను. మావాడు చివర్లో స్ప్రింట్ చేసి రెండో స్థానం తెచ్చాడు.

మామ: వాడూ తొక్కినాడు, నువ్వూ తొక్కినావు. వాని కాళ్ళు ఎట్ల మిగిలినాయి, నీవి ఎట్ల అయిపోయినాయి?

అల్లుడు: గాలి మామా. గంటకు 40 కిలోమీటర్ల మీద పోయేటప్పుడు మనం పెట్టే బలంలో చాలా భాగం గాలిని తోయడానికే సరిపోతుంది. వేగం రెట్టింపు చేస్తే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని దాటడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. ముందువాడి చక్రానికి జానెడు వెనక తొక్కితే ఆ భారం మూడో వంతు దాకా తగ్గుతుంది. గుంపు పెద్దదైతే ఇంకా నయం. 2018లో నెదర్లాండ్స్‌లో ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది సైకిలిస్టుల గుంపును కంప్యూటర్లో, విండ్ టన్నెల్‌లో పరీక్షించింది. గుంపు నడుమ దాగినవాడికి తగిలే అడ్డు, ఒంటరిగా తొక్కేవాడికి తగిలే దాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేల్చింది.

మామ: అంటే ముందోడు చస్తాడు, వెనకోడు సుఖంగా వస్తాడు. ఆఖర్న వెనకోడు ముందోణ్ణి దాటుకొని పోయి దండ వేయించుకుంటాడు.

అల్లుడు: వేరే జట్టువాడు నా వెనక దాక్కుని చివర్లో దాటితే నాకూ ఒళ్ళు మండుతుంది. మావాడైతే నేనే దాచి తీసుకెళ్తాను. పందెం ముందు రోజే అనుకుంటాం. ఎవడు తెంచుకుని పోవాలి, ఎవడు పట్టుకురావాలి, చివరి కిలోమీటరు ఎవడు లాగి స్ప్రింటర్‌ను వదలాలి అని.

మామ దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. గేజీ తీసుకుని బల్ల మీది బుష్ కొలిచాడు. కొలవాల్సిన అవసరం ఉందని నాకనిపించలేదు.

మామ: మేమూ సైకిల్ తొక్కినోళ్ళమే. నేను వచ్చిన కొత్తలో పీణ్యలో పొద్దున షిఫ్టుకు రోడ్డు నిండా సైకిళ్ళే. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కు సంచి. పక్కన జలహళ్ళిలో హెచ్‌ఎంటీ షిఫ్టు వదిలితే చూడాలప్పా, రోడ్డు దాటలేవు. ఎవరూ పందెం అనుకోలేదు. సైరన్ కొట్టేలోగా గేటు దాటకపోతే సగం దినం కూలి పోతుంది, అదే మా పందెం. ఇప్పుడు మా షాపులో పిల్లోళ్ళు మెట్రో ఎక్కి వస్తారు, బండ్లు తోలుకొని వస్తారు. సైకిల్ మాత్రం లక్ష పెట్టి వీడు కొంటాడు. మొన్న 2025 సెప్టెంబరులో జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గించినారంటే నేను పాల సైకిలోనికి మేలనుకున్నా. వీడు ఫోన్ చేసి, మామా ఇంకో జత చక్రాలు కొంటానంటాడు.

అల్లుడు: జీతం నాది.

మామ: కాళ్ళూ నీవే. అవే వేరేవానికి ఇస్తాండావు, అదీ నా బాధ.

మామ మాటలో సైకిల్ ఖరీదు కంటే ఈ చివరి ముక్కే అసలుదని నాకు తోచింది. అక్క కొడుకు వేరేవాడికి కింద పనివాడయ్యాడన్న నొప్పి అది. అల్లుడికీ తెలిసినట్టుంది. అందుకే ఖర్చు మీద వాదించకుండా కథలోకి దిగాడు.

అల్లుడు: నీ మాటే టూర్ డి ఫ్రాన్స్ పెట్టిన హెన్రీ డెగ్రాంజ్‌దీను. 1903లో మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయనకు ఒకడికొకడు సాయం చేసుకోవడం గిట్టేది కాదు. ఎవడి సైకిల్ వాడే తొక్కాలి, విరిగితే వాడే బాగుచేసుకోవాలి. 1913లో యూజెన్ క్రిస్టోఫ్ అని ఒకడు గెలిచే ఊపులో ఉన్నాడు. తూర్మాలే కొండ దిగుతుంటే ముందు ఫోర్క్ విరిగింది. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైనే నడిచి, కింద సెంత్ మరీ ద కాంపన్ అనే ఊళ్ళో కొలిమి దగ్గరికి చేరాడు.

మామ: కమ్మరి చేసిచ్చినాడా?

అల్లుడు: చేయకూడదు. క్రిస్టోఫే ఇనుము కాల్చి, సాగగొట్టి, అతికించుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. గంటలు పోయాయి, పందెమూ పోయింది.

మామ: (ముఖం వెలిగింది) వాడురా మొనగాడు! చూసినారా సార్, వాని పని వాడు చేసుకున్నాడు. వానికి జట్టెందుకు?

అల్లుడు: ఆగు. పైగా పది నిమిషాలు జరిమానా వేశారు. తర్వాత మూడుకు తగ్గించారులే. ఎందుకో చెప్పు?

మామ: ఎందుకు?

అల్లుడు: కొలిమి తిత్తి ఒక పిల్లవాడు ఊదాడని.

మామ: అదేం న్యాయం! ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకో చేత్తో ఇనుము ఎట్ల పట్టుకుంటాడు? సరైన వేడి ఉన్నప్పుడే దెబ్బ పడాల. తిత్తోడు లేకుండా కొలిమి పని ఉందా?

అల్లుడు నవ్వాడు. మామకు తానేమన్నాడో ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. 'పిల్లకాయ వాదన' అని చేయి విసిరాడు కానీ, తిత్తి పిల్లవాడి తరఫున మాట్లాడేశాడు. ఆ మాట ఇక వెనక్కి రాదు.

మామ వైపు తూకం తగ్గిందనిపించి నేను కలగజేసుకున్నాను. టోక్యో ఒలింపిక్స్ సంగతి చెప్పాను. 2021 జులై 25న మహిళల రోడ్ రేసు, 137 కిలోమీటర్లు. డచ్ జట్టులో ఫాన్ డెర్ బ్రెగెన్, ఫాన్ ఫ్లూటెన్, మరియానె ఫోస్, ఫోలరింగ్, నలుగురూ ప్రపంచంలో మేటి. ఆస్ట్రియా నుంచి ఒక్కతే వచ్చింది, అన్నా కీసన్‌హోఫర్. గణితంలో డాక్టరేట్, విశ్వవిద్యాలయంలో పరిశోధన ఉద్యోగం, ఆనాటికి ఏ ప్రొఫెషనల్ జట్టూ లేదు. మొదటి కిలోమీటరులోనే ముందుకు దూకింది, చివరి 40 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కింది, 75 సెకన్ల తేడాతో బంగారు పతకం గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన ఫాన్ ఫ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులెత్తింది. ముందు ఒకామె ఉన్నట్టు ఆమెకు తెలియదు.

మామ: సార్ చెప్పింది విన్నావా? ఒక్కతే!

అల్లుడు: సార్ సగం చెప్పారు. ఆమె దూకినప్పుడు ఒంటరి కాదు. వేర్వేరు దేశాలవాళ్ళు ఇంకో నలుగురు కలిశారు. మొదటి తొంభై కిలోమీటర్లకు పైగా ఆ గుంపుతో గాలిని పంచుకునే తొక్కింది. ఇక డచ్ వాళ్ళు ఓడింది జట్టుగా తొక్కినందుకు కాదు, తొక్కనందుకు. నలుగురూ గెలవడానికి వచ్చినవాళ్ళే, వెంటపడి లాగే మనిషి లేదు. ఒలింపిక్స్‌లో చెవిలో రేడియో కూడా ఉండదు. ఆ రోజు వాళ్ళ దగ్గర నాలాంటివాడు ఒకడుంటే చాలు.

ఆఖరి మాటకు గర్వం కాస్త ఎక్కువైంది. అయినా లెక్క తప్పని చెప్పలేకపోయాను.

మామ: మన దేశంలో ఈ జట్టుల్లో తొక్కి పైకొచ్చినోడు ఎవడైనా ఉన్నాడా?

అల్లుడు: నవీన్ జాన్ ఉన్నాడు. బెంగళూరు రోడ్ల మీద సాధన చేసినవాడే. జాతీయ చాంపియన్. 2016లో దోహాలో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో టైమ్ ట్రయల్ తొక్కాడు.

మామ: టైమ్ ట్రయల్ అంటే?

అల్లుడు: అంటే... ఒక్కడే, గడియారంతో పోటీ.

మామ: చెప్పు చెప్పు, గట్టిగా చెప్పు. సార్‌కు వినపడలే.

అల్లుడు: మన దగ్గర జట్టుగా తొక్కే పెద్ద పందేలు తక్కువ కాబట్టే ఒంటరి పందెంలో పైకొస్తున్నారు. పైగా ఒంటరి పందేలు నేను కాదనడం లేదు. ఇక్కడ బెంగళూరు బైసైక్లింగ్ చాంపియన్‌షిప్స్ అని ఉంది, బీబీసీహెచ్ అంటాం. సైకిలిస్టులే స్వచ్ఛందంగా నడుపుతున్న పందేల వరస. టైమ్ ట్రయల్ ఉంటుంది, గుంపు పందెం ఉంటుంది, నంది కొండ ఎక్కే పందెమూ ఉంటుంది. ఎవడికి నచ్చింది వాడు తొక్కుతాడు.

మామ: అయితే నంది కొండ ఎక్కు. అక్కడ ఎవని వెనక ఎవడు దాక్కుంటాడు?

అల్లుడు: నిజమే, అక్కడ వేగం సగానికి సగం పడిపోతుంది, గాలి పెద్దగా అడ్డు కాదు. ఎవడి బరువు వాడే మోయాలి. నా బరువు చూశావుగా. నందికొండ 1,478 మీటర్ల ఎత్తు. పైకి వెళ్ళేసరికి బక్కపలచని పిల్లలు టీ తాగి దిగుతుంటారు. చివర్లో ఒక్కసారిగా విరుచుకుపడే స్ప్రింటూ నాకు లేదు. నాకున్నది ఒక్కటే. చదును రోడ్డు మీద ఎదురుగాలికి ముక్కు పెట్టి, ఒకే వేగంతో చాలాసేపు లాగగలను. ఒంటరిగా పోతే గుంపు పందెంలో ఆ గుణం నాకు ఇరవయ్యో స్థానం తెస్తుంది. జట్టులో అయితే పందేన్నే మార్చేస్తుంది. నీ సర్ఫేస్ గ్రైండర్ మీద షాఫ్ట్ తిప్పగలవా? దానికున్నది ఒక్క పని. ఆ పనికి పక్క వీధి నుంచి కూడా జాబ్ వస్తుంది కదా.

ఈ మాట మామకు దిగింది. పీణ్య బతుకే అది. 1970లలో ఈ పారిశ్రామికవాడ మొదలైనప్పటి నుంచీ ఇక్కడి వేలాది చిన్న షాపుల్లో ఎక్కువభాగం జాబ్ వర్క్ మీదే నడుస్తున్నాయి. ఒకడు కోస్తాడు, ఒకడు తిప్పుతాడు, ఇంకొకడు హీట్ ట్రీట్‌మెంట్ చేస్తాడు, మరొకడు గ్రైండ్ చేస్తాడు, నాలుగో సందులో ప్లేటింగ్ వేస్తారు. ఒకే ముక్క టెంపో ఆటోలో అయిదారు గుమ్మాలు తిరిగి, చివరికి ఎక్కడో ఊరి బయట పెద్ద కంపెనీ పేరు వేయించుకుని బండిలోకి ఎక్కుతుంది. తిప్పినవాడి పేరు దాని మీద ఉండదు. మామ నలభై ఏళ్ళకు దగ్గరగా చేసింది ఇదే. అల్లుడు మామ కాళ్ళ కింది నేలనే తీసి వాదనకు వాడుకున్నాడు. గెలిచేశాడనే అనుకున్నాను.

మామ: బాగా చెప్పినావు. మా పేరు ఉండదు, నిజమే. కానీ మేం బిల్లు వేస్తాం.

అల్లుడు మాట్లాడలేదు.

మామ: డెలివరీ చలాన్ రాస్తాం, ముక్కకు ఇంత అని రేటు మాట్లాడుకుంటాం, బిల్లు వేస్తాం. మూడు నెలలకో ఆరు నెలలకో డబ్బు వస్తుంది. రాకపోతే గేటు కాడ పోయి కూర్చుంటాం. నీ బిల్లు యాడ?

అల్లుడు: ప్రొఫెషనల్ జట్టుల్లో జీతాలుంటాయి మామా. పైగా గెలిచినవాడి ప్రైజ్ మనీ జట్టంతా పంచుకోవడం పాత ఆచారం.

మామ: నేనడిగింది వాళ్ళను కాదప్పా. నిన్ను.

అల్లుడు: మాది సరదాకు తొక్కేది. డబ్బెక్కడుంటుంది?

మామ: డబ్బే కావాలన్నానా? మొన్న ఫోటో చూపించినావు. మెడల్ వేసుకొని ముగ్గురు నిలబడినారు. నువ్వు యాడున్నావు?

అల్లుడు: నేను అప్పటికింకా వెనక్కి చేరలేదు. వ్యాన్‌లో వస్తున్నాను.

మామ: నీకోసం ఆగినారా?

అల్లుడు: లేదు.

మామ: నిన్ను లాగమన్నోడు, పోయినేడు నీకోసం ఎప్పుడైనా లాగినాడా? ఒక్క పందెం?

చాలాసేపు మిల్లింగ్ మెషిన్ చప్పుడే వినబడింది. అల్లుడు చివరికి లేదన్నట్టు తల ఊపి, రెనె వియెట్టో కథ ఎత్తుకున్నాడు. 1934 టూర్. వియెట్టోకు ఇరవై ఏళ్ళు, అంతకుముందు కాన్ పట్టణంలో లిఫ్టు బాయ్. ఆల్ప్స్ కొండల్లో స్టేజీలు గెలిచి ఊపు మీదున్నాడు. పిరనీస్ కొండలు దిగుతుంటే జట్టు నాయకుడు ఆంటొనిన్ మాన్య్ చక్రం విరిగింది. వియెట్టో తన ముందు చక్రం తీసిచ్చేసి, రోడ్డు పక్క రాతి గోడ మీద కూర్చుని కొత్త చక్రం కోసం ఎదురుచూస్తూ ఏడ్చాడు. ఆ ఫోటో ఇవాళ్టికీ ప్రసిద్ధం. మర్నాడు మాన్య్ సైకిల్ మళ్ళీ పాడైతే, ముందుపోతున్న వియెట్టో వెనక్కి తిరిగి కొండెక్కి వెళ్ళి ఏకంగా సైకిలే ఇచ్చేశాడు. టూర్ మాన్య్ గెలిచాడు. వియెట్టో అయిదోవాడు. ఫ్రాన్స్ మాత్రం వియెట్టోనే గుండెలో పెట్టుకుంది.

మామ: ఆ తర్వాత వాడు గెలిచినాడా?

అల్లుడు: టూర్ ఎప్పుడూ గెలవలేదు. 1947లో చాలా రోజులు అందరికంటే ముందున్నవాడి పసుపు జెర్సీ వేసుకున్నాడు. చివర్లో 139 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో పోగొట్టుకున్నాడు.

మామ: అంటే బిల్లు పాస్ కాలే. ఫోటో మిగిలింది. నీకు ఆ ఫోటో కూడా లేదు.

ఇక్కడ నేను మామ పక్షం. వియెట్టో కథ చెప్పి త్యాగాన్ని పొగడటం ఎప్పుడూ మాన్య్ లాంటివాళ్ళకే లాభం. పనిచేసినవాడు గొప్ప మనసున్నవాడని అందరూ ఒప్పుకున్నాక అతనికి ఏం ఇవ్వాలన్న ప్రశ్న వెనక్కి పోతుంది. జీతం ఉన్న జట్టులో ఆ ప్రశ్నకు నెలాఖరున జవాబు దొరుకుతుంది. ఆదివారం జట్టులో జవాబు మనుషుల మధ్యనే ఉండాలి. లేకపోతే ఒకడు ప్రతి వారం స్ప్రింటర్, ఇంకొకడు ప్రతి వారం డీఎన్ఎఫ్. ప్రవేశ రుసుము మాత్రం ఇద్దరికీ ఒకటే.

మామ దగ్గర ఇంకో వాదన ఉంది, దానికి అల్లుడి దగ్గర జవాబు లేదు. వారం మధ్య సాధనకు అల్లుడు చీకట్లో తుమకూరు రోడ్డు ఎక్కుతాడు. పైన ఫ్లైఓవర్, కింద సర్వీస్ రోడ్డు, రెండూ లారీలవే. 2021 డిసెంబరులో ఆ ఫ్లైఓవర్ కేబుళ్ళు దెబ్బతిన్నాయని మూసేశారు. చిన్న వాహనాలను రెండు నెలలకు వదిలినా, భారీ వాహనాలు 2024 దాకా కిందనే పోవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఈ సర్వీస్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఏమిటో మామకు గుమ్మంలోంచి కనబడింది. 'యూరప్‌లో రోడ్డు మూసి పందెం పెడతారని నువ్వే చెప్పినావు, ఇక్కడ నీకోసం ఎవడు మూస్తాడు?' అన్నాడు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ తెరిచారు కదా అన్నాను. అది తిరగడానికి బాగుంటుంది, పందేనికి కాదని అల్లుడే కొట్టేశాడు. వారం మధ్య ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ మీదే తొక్కుతానని ఒప్పుకున్నాడు. అల్లుడు అంత తొందరగా ఏదైనా ఒప్పుకోవడం మామకు అలవాటు లేదు కాబట్టి అనుమానంగా చూశాడు.

మామ: సరే, ఆదివారం పో. కానీ ఈసారి పోయేటప్పుడు రేటు మాట్లాడుకొని పో.

అల్లుడు: అంటే?

మామ: ఏడాదికి ఒక పందెం నీది. నీకు పనికొచ్చే చదును రోడ్డుది. ఆ దినం ఆ స్ప్రింటర్ నీ ముందు గాలికి తొక్కాల. మెడల్ ఇచ్చేటప్పుడు లాగినోడు వచ్చేదాకా ఆగాల. ఒప్పుకోకపోతే వాళ్ళు జట్టు కాదు, నువ్వు వాళ్ళకు కూలోడివి. కూలి లేని కూలోడివి.

అల్లుడు: అడగడానికి మొహమాటం మామా. నువ్వు లాగడానికే కదా వచ్చావు అంటారు.

మామ: మొహమాటపడితే పీణ్యలో షాపు నడుస్తుందా?

అల్లుడు అడుగుతానన్నాడు. వాళ్ళేమంటారో నాకు తెలియదు, అది వాళ్ళ జట్టు సంగతి. నా తీర్పు ఇది. లాగేవాడి పని పనే, అందులో అల్లుడు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. దానికి లెక్క ఉండాలన్న మామ మాట అంతకంటే ముఖ్యం. ఎందుకంటే లెక్క లేని చోట ముందు మానేసేది లాగేవాడే. వాడు మానేసిన జట్టులో స్ప్రింటర్లు మిగులుతారు, పందెం మిగలదు.

పందేలు నడిపేవారికి ఒక మనవి. టూర్ డి ఫ్రాన్స్‌లో 1930 నుంచి జట్టుకూ విడిగా వరస కడుతున్నారు. ఇప్పుడు స్టేజీ స్టేజీకీ జట్టులో ముగ్గురి మెరుగైన సమయాలు కూడి లెక్కిస్తారు. ఒక్కడు గెలిచినా మిగతావాళ్ళు వెనకబడితే ఆ జట్టు వరసలో కిందికి పోతుంది. మన ఆదివారం ఫలితాల పట్టికలో కూడా జట్టు పేరున ఒక వరస వేయండి. గెలిచినవాడి పేరు కింద ఆ రోజు అతని కోసం తొక్కినవారి పేర్లు అచ్చువేయండి, డీఎన్ఎఫ్ అయినవారివి కూడా. దానికి ఒక గడి చాలు, ఖర్చు ఏమీ కాదు.